ట్రస్‌లో (కప్పుని మోసే కడ్డీల చట్రంలో) ఏ కడ్డీ మీద ఎంత బలం పడుతుందో ఎలా లెక్కకట్టాలి?

ఒంగోలులో పొగాకు గోడౌన్‌కి వేసే రేకుల కప్పు గురించి అడిగారు కాబట్టి దాన్నే తీసుకుందాం. మామూలు త్రికోణం ట్రస్, మధ్యలో ఒక నిలువు కడ్డీ. స్పాన్ (గోడ నుంచి గోడకి దూరం) 8 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు, పై కొన మీద 12 కిలోన్యూటన్ల బరువు అనుకోండి. రెండు గోడలూ చెరి 6 మోస్తాయి.

ఎడమ గోడ మీది జాయింట్‌ని ఒక్కదాన్నే విడిగా చూడండి. అక్కడ తెలియనివి రెండే: వాలు కడ్డీ, అడుగు కడ్డీ. (తెలియనివి రెండుకి మించని జాయింట్‌తోనే మొదలుపెట్టాలి, మన చేతిలో ఉన్న సమీకరణాలు రెండే మరి: నిలువు బలాలు సరిపోవాలి, అడ్డం బలాలు సరిపోవాలి.) సగం స్పాన్ 4, ఎత్తు 3 కాబట్టి వాలు కడ్డీ పొడవు 5 మీటర్లు. గోడ పైకి నెట్టే 6ని ఆపాలంటే దానిలో 6 × 5/3 = 10 కిలోన్యూటన్లు ఉండాలి. అది జాయింట్‌ని తోస్తోంది కాబట్టి కంప్రెషన్ (నొక్కుడు). ఆ 10లో అడ్డంగా బయటికి తన్నేది 10 × 4/5 = 8. దాన్ని లాగి పట్టేది అడుగు కడ్డీ, అంటే టెన్షన్ (లాగుడు).

నడిమి నిలువు కడ్డీలో సున్నా! దాని కింది జాయింట్ దగ్గర నిలువుగా వేరే బలమేదీ లేదు. అలాగని తీసేయకండి, అడుగు కడ్డీ మధ్యలో కిందికి కుంగకుండా పట్టుకునేది అదే. అక్కడ బరువులెత్తే చైన్ బ్లాక్ తగిలిస్తే ఆ బరువంతా దాని మీదే.

మన తీరంలో అసలు భయం తుఫాను గాలి. రేకులు తేలిక. గాలి పైకి లాగే బలం కప్పు బరువుని మించితే అంతా తారుమారై, అడుగు కడ్డీ కంప్రెషన్‌లోకి వస్తుంది. సన్నటి పొడవాటి కడ్డీ లాగితే బాగానే ఓర్చుకుంటుంది, నొక్కితే మాత్రం వంగిపోతుంది. కాబట్టి గాలి లెక్క విడిగా వేయించి, అడుగు కడ్డీలకి పక్క బ్రేసింగ్ (పక్కకి వంగకుండా ఆపే అడ్డ కడ్డీలు) పెట్టించండి.