ఉచిత చదువు పక్షాన మాట్లాడబోయే అమ్మడికి

చి. అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

కాలేజీ ఫీజులు ప్రభుత్వమే భరించాలని వక్తృత్వ పోటీలో వాదించబోతున్నావట, మీ అమ్మ చెప్పింది. పొంగిపోయాను, వెంటనే గుబులూ పట్టుకుంది. నీ గొంతు గురించి కాదు. చప్పట్లు పడ్డాక అవతలివాళ్ళు వేసే ప్రశ్న గురించి.

ట్యూషన్ ఫీజు గురించి మాట్లాడుతున్నావో, మొత్తం చదువు ఖర్చు గురించో మొదట్లోనే తేల్చెయ్. గడియారం చూసుకో. కాగితం చూసి చదవకు.

ఇక అసలు సంగతి. ఈ పక్షాన లేచిన ప్రతివాళ్ళూ ‘ఫీజు తీసేస్తే పేదపిల్లలు చదువుకుంటారు’ అనేస్తారు. అక్కడే దొరికిపోతారు. స్వీడన్‌లో స్థానిక విద్యార్థులకు ట్యూషన్ ఫీజే లేదు, అయినా చాలామంది అప్పుతోనే బయటికొస్తారు. ఆ అప్పు గది అద్దెకు, తిండికి. ఆస్ట్రేలియా 1974లో ఫీజులు ఎత్తేసింది, 1989లో మరో రూపంలో మళ్ళీ తెచ్చింది. ఆ మధ్యకాలంలో విశ్వవిద్యాలయాల్లో చేరేవాళ్ళ కుటుంబ నేపథ్యం ఆశించినంతగా మారలేదు. ఎందుకంటావా? పేదింటి పిల్లల్లో ఎక్కువమంది బడి ఆఖరి తరగతి దాకా రాకుండానే పనుల్లో చేరిపోయేవారు. గుమ్మం దాకా రానివాళ్ళకు తలుపు తీసి ఏం లాభం?

సీట్ల సంగతి ఇంకా చిక్కు. ఖజానా కట్టే చోట తల ఒక్కింటికి ఇంతని లెక్క ఉంటుంది కాబట్టి సీట్లకూ కళ్ళెం పడుతుంది. స్కాట్లాండ్ తన విద్యార్థుల ఫీజు తానే కడుతుంది, అందుకే వాళ్ళ సీట్లకు పరిమితి పెడుతుంది. ఇంగ్లండ్ 2012లో ఫీజును 9,000 పౌండ్ల దాకా పెంచనిచ్చింది, ఆ తర్వాత 2015లో సీట్ల పరిమితిని ఎత్తేయగలిగింది. ఇది నీకు చేదుగానే ఉంటుంది, తెలుసు. అయినా నువ్వే ముందు చెప్పు. అవతలివాళ్ళ నోట వచ్చిందంటే నీ వాదన అంతా కూలినట్టే.

పథకం ఏ వరసలో డబ్బిస్తుందో కూడా చూడు. అమెరికాలో టెనెస్సీ రాష్ట్రపు ఉచిత కాలేజీ పథకం మిగతా సాయాలన్నీ పోగా మిగిలిన ఫీజు మాత్రమే కడుతుంది. నిరుపేద విద్యార్థి ఫీజు అప్పటికే కేంద్ర గ్రాంటుతో తీరిపోతుంది గనక కొత్త డబ్బు ఎక్కువగా మధ్యతరగతి ఇంటికే చేరుతుంది. అద్దెకు, పుస్తకాలకు సాయం కలిపి అడుగు, అప్పుడు నీ వాదనకు వెన్నెముక ఉంటుంది.

‘కాలేజీ మొహం చూడని కూలీ పన్నుతో డాక్టరు కొడుకు చదవాలా?’ అంటారు. ఇది వాళ్ళ పదునైన బాణం, కొట్టిపారెయ్యకు. ఎక్కువ సంపాదించేవాళ్ళ దగ్గర పన్ను ఎక్కువ తీసుకుంటే ఆ డాక్టరే తిరిగి కడతాడని చెప్పు. పన్ను విధానం అలా లేని చోట ఈ జవాబు చెల్లదని కూడా ఒప్పుకో. అప్పుడు నీ బాణం వెయ్యి: ఇంగ్లండ్‌లో 1998లో 1,000 పౌండ్లతో మొదలైన ఫీజు 2006లో 3,000 దాకా, 2012లో 9,000 దాకా ఎగబాకింది. ‘ఆదాయం వచ్చాకే కట్టండి’ అన్న మంచి నియమం కూడా ఆ పెరుగుదలను ఆపలేదు. ఫీజు పెట్టి వెనక్కి తగ్గిన దేశం పేరు అడిగితే జర్మనీ ఉంది: కొన్ని రాష్ట్రాలు సెమిస్టరుకు 500 యూరోల దాకా వసూలు చేసి, 2014 కల్లా అన్నీ ఎత్తేశాయి.

సంవత్సరాలు తారుమారు చేశావో, చెవి మెలిపెడతాను. రాసింది ఆదివారంలోగా పంపు. ఎదుటి పక్షం ప్రశ్నలు నేను వేస్తాను, గట్టిగానే వేస్తాను. ఏడవకూడదు మరి.

మీ పెదనాన్న