ఆల్బమ్‌లో పాటల మధ్య ఖాళీ – సమాధానం
మిత్రులు సూచించగా రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ 1973 నాటి ఆల్బమ్ ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ వింటున్నాననీ, ఆగకుండా సాగాల్సిన పాటల మధ్య ఖాళీ వస్తోందనీ, ఏం చేయాలనీ మీరు అడిగారు. అలా పాటపాటకీ తెగిపోవడానికి కారణం బహుశా ఎంపీ3 ఫైళ్లే. వాటిలో ధ్వని ఫ్రేములనే ముక్కలుగా ఉంటుంది; ఒక్కో ఫ్రేములో 1152 శాంపిళ్లు (ధ్వని కొలతలు) ఉండాలి కనుక, ఆ లెక్క సరిపెట్టేందుకు ఎన్‌కోడర్ (ఎంపీ3 ఫైలు తయారుచేసే ప్రోగ్రామ్) పాట అంచుల్లో కాస్త నిశ్శబ్దాన్ని చేరుస్తుంది.

1. సీడీ నుండి ఫ్లాక్ (ధ్వనిని ఏమీ పోగొట్టకుండా, అంచుల్లో నిశ్శబ్దం చేర్చకుండా దాచే రకం) ఫైళ్లుగా మళ్లీ కాపీ చేసుకోండి.

2. ప్లేయరులో గ్యాప్‌లెస్ (పాటల మధ్య ఖాళీ లేకుండా వినిపించే సెట్టింగు) ఆన్ చేయండి.

3. చాలామంది మరచేది ఇదే: ఖాళీని కప్పిపుచ్చడానికి లోగడ పెట్టుకున్న క్రాస్‌ఫేడ్‌ను (ఒక పాట తగ్గుతుండగా మరో పాటను కలిపే సెట్టింగును) సున్నాకు తీసుకురావాలి, లేకుంటే ఒక పాట ముగింపు మీద తరువాతి పాట ఆరంభం పడి, ఫైళ్లు మార్చినా ఫలితం దక్కదు.

ఈ ఆల్బమ్‌లోని ‘మనీ’ పాటకి ముందు విరామం వినిపిస్తే కంగారు పడకండి, ఎల్పీలో (రెండు వైపులా పాటలుండే రికార్డు) రెండవ వైపు అక్కడే మొదలవుతుంది.