అన్ని కాగితాల్లోనూ నీటి లెక్క ఒక్కటేనా?

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

జలవిద్యుత్ కంపెనీ లీగల్ విభాగంలో చేరావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. చేరగానే ఒక చిన్న ప్రాజెక్టు అనుమతుల ఫైలు చేతిలో పెట్టారట, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్ పడుతున్నావట. ముప్పై ఏళ్లు ఆ ఫైళ్ల మధ్యే గడిపినవాణ్ని కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

సోలార్ ప్లాంటు పెట్టేవాళ్లు ఎండ కోసం ఎవరినీ అడగక్కర్లేదు. నీరు అలా కాదమ్మా. ఎగువన తాగేవాళ్లు, దిగువన పొలం తడుపుకునే రైతు, చేపలు పట్టుకునేవాళ్లు, ఒక్కోసారి పక్క దేశం, అందరికీ అందులో వాటా ఉంటుంది. అందుకే ఒక్క ప్రాజెక్టుకి నీటి అనుమతి, పర్యావరణ అనుమతి, భూమి కాగితాలు, ఉత్పత్తి లైసెన్సు, గ్రిడ్ ఒప్పందం, కరెంటు కొనుగోలు ఒప్పందం (పీపీఏ), అన్నీ విడివిడిగా, ఒక్కోటి ఒక్కో చోట నుంచి వస్తాయి. ఒక ఆఫీసు రాసింది ఇంకో ఆఫీసు చదవదు. అన్నీ కలిపి చదవాల్సింది నువ్వే.

ఇది నేను తప్పు చేసి నేర్చుకున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ప్రాజెక్టు పీపీఏని నేనే పరిశీలించాను. ధర, గడువు, చెల్లింపు గ్యారంటీ, అన్నీ పెన్సిల్‌తో గీతలు గీసుకుంటూ చదివాను. పర్యావరణ అనుమతి అప్పటికే చేతికొచ్చింది కదా అని దాన్ని పక్కన పెట్టాను. దాని అనుబంధంలో, చివరి పేజీకి ముందు పేజీలో ఒక్క వాక్యం ఉంది: ఎండాకాలంలో కూడా సెకనుకు 2 ఘనపు మీటర్ల నీరు టర్బైన్‌కి పంపకుండా నదిలోకి వదలాలి. డీపీఆర్ (ప్రాజెక్టు పూర్తి వివరాల నివేదిక) అంతకుముందే తయారైంది. ఆ డీపీఆర్ అంకెలే పీపీఏలోకి ఎక్కాయి. ఆ 2 ఎక్కడా తీసివేయలేదు.

ఆ 2 అంటే ఎంతో లెక్క వేసి చూడు. 100 మీటర్ల ఎత్తు నుంచి సెకనుకు 10 ఘనపు మీటర్ల నీరు దిగితే, మొత్తం సామర్థ్యం 87 శాతం అనుకుంటే, దాదాపు 8.5 మెగావాట్లు వస్తాయి. 8 ఘనపు మీటర్లే దిగితే 6.8. అంటే నీరు తక్కువున్న నెలల్లో ఐదో వంతు కరెంటు పోయినట్టే. ఒప్పుకున్న యూనిట్లు ఇవ్వకపోతే జరిమానా అని పీపీఏలో ఉంది. ఏటా కట్టాల్సి వచ్చింది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

పెద్ద ప్రాజెక్టులకీ ఇది తప్పదు. జమ్మూ కశ్మీర్‌లోని 330 మెగావాట్ల కిషన్‌గంగ ప్రాజెక్టు విషయంలో, 1960 నాటి సింధు జలాల ఒప్పందం కింద ఏర్పడిన మధ్యవర్తిత్వ న్యాయస్థానం 2013 డిసెంబర్‌లో తుది తీర్పు ఇచ్చింది. ఆనకట్ట దిగువకు సెకనుకు కనీసం 9 ఘనపు మీటర్లు వదలాలంది. అప్పటికి పని మొదలై ఏళ్లయింది.

కాబట్టి ఒక పెద్ద తెల్ల కాగితం తీసుకో. ప్రతి అనుమతిలో, ప్రతి ఒప్పందంలో ఎంత నీరు అన్నారు, ఏ తేదీ అన్నారు, తేడా వస్తే నష్టం ఎవరిదన్నారు, ఈ మూడూ పక్కపక్కన రాయి. అనుబంధాలు ముందు చదువు, అసలు పత్రం తర్వాత. అంకెలు కలవని చోట ఆగి, ఇంజినీర్‌ని పిలిచి అడుగు. తెలియదనుకుంటారేమోనని మొహమాటపడకు.

తేదీల్లో ముఖ్యంగా చూడాల్సింది ట్రాన్స్‌మిషన్ లైను. టర్బైన్ సిద్ధంగా ఉండి లైను రాకపోతే నీరంతా స్పిల్‌వే (మిగులు నీరు బయటికి పోయే దారి) మీంచి పోతుంది. అలాంటప్పుడు ఉత్పత్తి జరిగినట్టే లెక్కగట్టి కొనేవాళ్లు డబ్బు ఇచ్చే క్లాజు పీపీఏలో ఉందా? కరువు సంవత్సరం ఎవరి ఖాతాలోకి వెళ్తుంది? కరువు కూడా ఫోర్స్ మెజ్యూర్ (ఎవరి చేతిలోనూ లేని విపత్తుకి బాధ్యత నుంచి మినహాయింపు) కిందికి వస్తుందని నీకు నువ్వే అనుకోకు. పీపీఏలో ఏం రాశారో చూడు, చాలాసార్లు కరువుని ఆ జాబితాలో చేర్చరు. సొరంగం ఉంటే కాంట్రాక్టులో రాతి పరిస్థితి గురించి ఏం రాశారో చూడు. 2019లో ఫిడిక్ (కన్సల్టింగ్ ఇంజినీర్ల అంతర్జాతీయ సమాఖ్య) వాళ్లు తెచ్చిన ఎమరాల్డ్ బుక్ అనే నమూనా కాంట్రాక్టు ప్రత్యేకంగా భూగర్భ పనుల కోసమే, ఒకసారి తిరగేయి.

ప్రజాభిప్రాయ సేకరణకు మాత్రం స్వయంగా వెళ్లు. ప్రపంచ ఆనకట్టల కమిషన్ 2000లో ఇచ్చిన నివేదిక ప్రకారం పెద్ద ఆనకట్టల వల్ల 4 నుంచి 8 కోట్ల మంది ఇళ్లూ భూములూ వదిలి వెళ్లారు. నేను వెళ్లిన ఒక సభలో ఒక పెద్దావిడ లేచి, "మా పశువులు ఏరు దాటే చోటు మునిగిపోతే ఎటు దాటాలి?" అని అడిగింది. మినిట్స్‌లో ఆ ప్రశ్న లేదు. పట్టుబట్టి రాయించాను, తర్వాత డ్రాయింగులో ఒక కాలిబాట వంతెన చేరింది. అభ్యంతరం విన్నారా, జవాబిచ్చారా అన్నది రేపు కోర్టు అడిగితే చూపించడానికి నీ దగ్గర ఆ కాగితమే ఉంటుంది. కోర్టు సంగతి అలా ఉంచు, ఆవిడ అడిగింది న్యాయమైన ప్రశ్న.

చట్టంలో ఉన్నదాన్ని "ఎవరు చూస్తారులే" అనేవాళ్లు ఆఫీసులో తగులుతారు. అమెరికాలో ఎల్వా నది మీద 1913లో ఆనకట్ట పూర్తి చేసినప్పుడు, చేపలు ఎగువకు వెళ్లే దారి ఉంచాలని రాష్ట్ర చట్టం అప్పటికే చెబుతోంది. ఉంచలేదు. సాల్మన్ చేపలు తగ్గిపోయాయి. 2011లో కూల్చడం మొదలుపెట్టి ఆ ఆనకట్టనీ దాని ఎగువనున్న మరో ఆనకట్టనీ 2014కల్లా తీసేశారు.

ఈ వారం అనుబంధాలన్నీ చదివి ఆ తెల్ల కాగితం పూర్తి చెయ్యి. ఆదివారం తీరిగ్గా ఫోన్ చెయ్యి, నీటి అంకెల వరుస ఒక్కొక్కటీ చదువుదువుగాని.

ఇట్లు,
మామయ్య