ఇంగ్లిష్ వాక్యంలో కోలన్

ప్రశ్న: ఉద్యోగ దరఖాస్తులో ‘మై స్కిల్స్ ఆర్: టైపింగ్, ఎడిటింగ్ అండ్ డిజైన్’ అని రాస్తే, దిద్దినవారు కోలన్ కొట్టేశారు. జాబితాకు ముందు కోలన్ పెట్టాలి కదా?

జవాబు: కొట్టేయడమే సరైనది. జాబితా వస్తోందని కోలన్ పెట్టేయకూడదు. దానికి ముందున్న భాగం పూర్తి వాక్యమై ఉండాలి. కోలన్ ఉన్నచోట ఫుల్‌స్టాప్ పెట్టి చదివి చూడండి. ‘మై స్కిల్స్ ఆర్’ దగ్గర ఆగితే అర్థం తెగిపోతుంది. ‘ఆర్’ అనే క్రియకు కావలసిన మాటలు ఇంకా రానేలేదు, ఈలోగా కోలన్ వాటిని విడగొట్టేసింది. దిద్దడానికి రెండు దారులు. కోలన్ తీసేసి ‘మై స్కిల్స్ ఆర్ టైపింగ్, ఎడిటింగ్ అండ్ డిజైన్’ అనొచ్చు. లేదా ముందు భాగాన్ని పూర్తిచేసి ‘ఐ హావ్ త్రీ స్కిల్స్: టైపింగ్, ఎడిటింగ్ అండ్ డిజైన్’ అనొచ్చు. దరఖాస్తుకు రెండోదే బాగుంటుంది.

‘ఇన్‌క్లూడ్’, ‘సచ్ యాజ్’, ‘ఆఫ్’, ‘టు’ తర్వాత కోలన్ పెట్టడమూ ఇదే తప్పు. ‘సచ్ యాజ్:’ అని రాసేవాళ్లు మరీ ఎక్కువ. ‘ద ఫాలోయింగ్’ మాత్రం వేరు. ‘ప్లీజ్ బ్రింగ్ ద ఫాలోయింగ్’ పూర్తి వాక్యమే కాబట్టి దాని తర్వాత కోలన్ నిక్షేపంగా పెట్టొచ్చు. ‘నోట్:’, ‘వార్నింగ్:’ లాంటి శీర్షిక మాటలకు ఈ పరీక్ష వర్తించదు.

కోలన్ తర్వాత వచ్చేదానికి అలాంటి షరతేమీ లేదు. ‘షి హాడ్ వన్ ఫియర్: హైట్స్’లో ఒక్క మాటే ఉంది, సరిపోయింది.

ప్రశ్న: రెండు పక్కలా పూర్తి వాక్యాలే ఉంటే కోలనా, సెమికోలనా?

జవాబు: ఆ గుర్తు ఉన్నచోట మనసులో తెలుగు మాట ఒకటి వేసుకోండి. ‘ఎందుకంటే’, ‘అదేమిటంటే’ అతికితే కోలన్. ‘ద రోడ్ వాజ్ క్లోజ్డ్: ఎ ట్రీ హాడ్ ఫాలెన్’లో చెట్టు కూలడం దారి మూసేయడానికి కారణం. ‘అందుకని’, ‘కానీ’ అతికితే సెమికోలన్: ‘ద రోడ్ వాజ్ క్లోజ్డ్; వి టుక్ ద ట్రెయిన్’.

ప్రశ్న: కోలన్ తర్వాత పెద్దక్షరమా, చిన్నక్షరమా?

జవాబు: జాబితాకూ విడిమాటకూ చిన్నక్షరమే, పేర్లకు తప్ప. పూర్తి వాక్యం వస్తేనే పద్ధతులు చీలతాయి. బ్రిటిష్ రాతలో సాధారణంగా చిన్నక్షరం. అమెరికాలో ఏపీ (అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ), ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) శైలులు పెద్దక్షరం కోరతాయి. పుస్తక ప్రచురణలో వాడే షికాగో శైలి మాత్రం కోలన్ తర్వాత రెండు లేదా అంతకన్నా ఎక్కువ వాక్యాలు వరుసగా వస్తేనే పెద్దక్షరం అంటుంది. ఏదైనా ఒక పద్ధతి ఎంచుకుని చివరిదాకా దాన్నే పాటించండి.

ప్రశ్న: కోలన్ పక్కన గీత కూడా గీయాలా?

జవాబు: అక్కర్లేదు, అది పాతకాలపు అలవాటు. కోలన్‌కు ముందు ఖాళీ వదలొద్దు, తర్వాత ఒక్క ఖాళీ చాలు. కొటేషన్ గుర్తులు వాడితే కోలన్ మూసే గుర్తుకు బయట ఉండాలి.