చేతి ధమని పైనే చీలి ఉంటే ప్రమాదమా?

మీ నాన్నగారికి మణికట్టు నుంచి యాంజియోగ్రామ్ మొదలుపెట్టి, చేతి ధమని పైనే చీలి ఉందంటూ తొడ నుంచి చేశారని రాశారు. ఇది జబ్బా, చేయి పడిపోతుందా అని అడిగారు. జబ్బు కాదండీ. పుట్టుకతో వచ్చిన తేడా, అంతే.

దండచేతిలోంచి దిగే బ్రేకియల్ ధమని మామూలుగా మోచేయి దాటగానే రేడియల్ (బొటనవేలి వైపుది, మణికట్టు నుంచి గొట్టం ఎక్కించేది ఇందులోంచే), అల్నార్ (చిటికెనవేలి వైపుది) అని రెండుగా చీలుతుంది. కొందరిలో రేడియల్ చంక దగ్గరే విడిపోతుంది. చేతి ధమనుల తేడాల్లో ఎక్కువగా కనిపించేది ఇదే, సుమారు నూటికి పది మందిలో. వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీ డిసెక్షన్ హాల్లో నేను మొదట చూసిన ఇలాంటి చేయి కాయకష్టం చేసిన మనిషిది. అరచేతి నిండా కాయలు. రక్తం సరిగ్గా అందకపోతే ఆ చేయి అంత పని చేసేదా?

పైనుంచి వచ్చే రేడియల్ ఒక్కోసారి సన్నగా, మెలికలు తిరిగి ఉంటుంది. గొట్టం బలవంతంగా తోస్తే ధమని బిగుసుకుపోతుంది, చిరిగే ప్రమాదమూ ఉంది. తొడకు మారడం సరైన నిర్ణయమే.

నాకు ఇంతకంటే భయమనిపించే తేడా మరొకటుంది. మోచేతి మడతలో సిరకూ ధమనికీ మధ్య ఒక పొర అడ్డుగా ఉంటుంది. కొద్దిమందిలో అల్నార్ ధమని ఆ పొర మీదుగా, చర్మం కిందనే పోతుంది. చూస్తే సిరే అనుకుంటాం. అందులోకి ఫినర్గాన్ (అలర్జీకి, వాంతులకు ఇచ్చే ఇంజెక్షన్) లాంటి మందు ఎక్కితే వేళ్లు నల్లబడి, తీసేయాల్సి రావచ్చు. హనుమకొండలో మా ఐసీయూకి పరకాల వైపు నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. అప్పటికే పెట్టి ఉన్న సూదిలోంచి ఎర్రటి రక్తం కొట్టుకుంటూ సెలైన్ పైపులోకి ఎక్కుతోంది. ఏ మందూ ఇవ్వకుండా ఆపేసి డాప్లర్ (రక్త ప్రవాహం చూసే స్కాన్) చేయిస్తే అల్నార్ పైపైనే ఉంది. చేయి దక్కింది. అందుకే కొత్తగా వచ్చిన సిస్టర్లకు పదేపదే చెబుతాను: రబ్బరు కట్టకముందే వేలు పెట్టి చూడండి, కొట్టుకుంటుంటే అక్కడ గుచ్చొద్దు. బిగించాక ఆ నాడి అందకపోవచ్చు.

యాంజియో సీడీ, రిపోర్టు జాగ్రత్త చేయండి. ఏ చేతికి ఉందో అందులో రాశారో లేదో చూడండి, రెండో చేయి మామూలుగానే ఉండొచ్చు. ముందుముందు బైపాస్‌కు చేతి ధమని తీయాలన్నా, డయాలసిస్‌కు ఫిస్టులా (చేతిలో ధమనినీ సిరనూ కలపడం) వేయాలన్నా ఈ సంగతి సర్జన్‌కు ముందే చెప్పండి.