అరబ్బు నవలల్లో ఆడవాళ్ళ కథ ఎవరి నోట వింటున్నాం?

"అరబ్బు నవలల నిండా ఆడవాళ్ళ కష్టాలే కదా, వాటిని స్త్రీవాద దృష్టితో చదవడమంటే ఏం చూడాలి, ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి?" అని అడిగారు. నాకు అరబ్బీ రాదు. మస్కట్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో ఇంగ్లీషు అనువాదాల్లో చదివినదాన్ని బట్టే చెబుతున్నాను. ఎన్ని కష్టాలున్నాయన్నది తర్వాత. ముందు వాటిని ఎవరి నోట వింటున్నామో చూడండి.

సూడాన్ రచయిత తయ్యిబ్ సాలిహ్ 1966లో రాసిన 'సీజన్ ఆఫ్ మైగ్రేషన్ టు ద నార్త్' గురించి ఎవరు మాట్లాడినా లండన్ వెళ్ళొచ్చిన ముస్తఫా సయీద్ గురించే మాట్లాడతారు. నన్ను వదలనిది అతని భార్య హొస్నా. ముస్తఫా పోయాక, వద్ రయ్యిస్ అనే ముసలివాడు ఆమెను చేసుకుంటానని పట్టుబడతాడు. బలవంతం చేస్తే వాణ్ణి చంపి నేనూ చస్తానని ఆమె, మనకు ఈ కథ చెబుతున్న ఆ ఊరి కథకుడితోనే అంటుంది. ముస్తఫా తన పెళ్ళాం పిల్లల బాధ్యత అప్పగించి వెళ్ళింది కూడా ఈ కథకుడికే. ఆయన అంతా విని రాజధాని ఖార్తూమ్ వెళ్ళిపోతాడు. ఇంట్లోవాళ్ళు ఆమెకు పెళ్ళి చేసేస్తారు. హొస్నా అన్నంత పనీ చేస్తుంది.

ఆ రాత్రి ఏం జరిగిందో ఊళ్ళో ఎవరూ నోరు విప్పరు. చివరికి చెప్పేది బింత్ మజ్జూబ్. మగవాళ్ళ మధ్య కూర్చుని సిగరెట్ కాలుస్తూ, పచ్చి మాటల్లో వాళ్ళనే మించిపోయే ముసలమ్మ. అలాంటి మనిషికి కూడా ఈ సంగతి బయటపెట్టడానికి కథకుడు తెచ్చిన విస్కీ కావలసొచ్చింది. ఆ పేజీల దగ్గర తొందరపడకండి. ఊరు హొస్నాను తిట్టిపోస్తుంటే, చచ్చినవాడి పెద్ద భార్య మబ్రూకా మాత్రం పీడ విరగడైందంటుంది. కథకుడికి హొస్నా మీద ఇష్టముంది. చదువుంది, ఊళ్ళో మాట చెల్లుబాటవుతుంది. అయినా ఊరుకున్నాడు. ఆ రెండు చావుల్లో ఆయన మౌనానికీ వాటా ఉందనే నేను నమ్ముతాను. మనం విన్నదంతా ఆయన నోటి నుంచే కాబట్టి, ఈ మాట పాఠకులే అనుకోవాలి.

ఈజిప్టు డాక్టరు, రచయిత్రి నవాల్ ఎల్ సాదవి 'వుమన్ ఎట్ పాయింట్ జీరో'లో ఇదంతా తిరగబడుతుంది. కనాతిర్ జైల్లో ఉరిశిక్ష పడ్డ ఫిర్దౌస్ మొదట తన కథ వినడానికి వచ్చిన డాక్టరును కలవనే కలవనంటుంది. డాక్టరే చిన్నబోయి కుంగిపోతుంది. తర్వాత ఫిర్దౌసే పిలిపించి, మధ్యలో మాట్లాడొద్దు, నాకు టైం లేదు అని చెప్పి మొదలుపెడుతుంది. చదువుకున్నామె నేల మీద కూర్చుని వినాలి, అంతే. రచయిత్రిని కూడా ఈజిప్టు అధ్యక్షుడు సాదత్ ప్రభుత్వం 1981లో అదే జైల్లో పెట్టింది.

ఇక ఒమన్ రచయిత్రి జోఖా అల్హార్తీ 'సెలెస్టియల్ బాడీస్'. 2019లో ఇంటర్నేషనల్ బుకర్ బహుమతి వచ్చింది. ముగ్గురు అక్కచెల్లెళ్ళ కథ అంటారు గానీ, ఇందులో "నేను" అంటూ మాట్లాడేది పెద్దక్క మయ్యా భర్త అబ్దుల్లా ఒక్కడే. అతన్ని పెంచిన జరీఫా ఆ ఇంటి బానిస, అతని తండ్రికి ఉంపుడుగత్తె. 1970 దాకా ఒమన్‌లో బానిసత్వం రద్దు కాలేదు. కోనసీమ నుంచి వచ్చి మస్కట్‌లో ఇంటిపని చేసే ఒకావిడకు ఈ కథ తెలుగులో చెప్పాను. అక్కడ పనిచేసే మనవాళ్ళు ఇంటి యజమానురాలిని 'మామా' అంటారు. ఆవిడ జరీఫా గురించి అడుగుతుందనుకుంటే, "మరి ఆ ఇంట్లో మామా ఏదండీ?" అంది. మళ్ళీ పుస్తకం తెరిచాను. అబ్దుల్లా తల్లి అతను పుట్టిన కొన్నాళ్ళకే పోయింది. ఎలా పోయిందన్నది పుకార్లుగా, ముక్కలు ముక్కలుగా తేలుతుంది. తన గురించి చెప్పుకునే అవకాశం ఆమెకు నవలలో ఎక్కడా లేదు. నేను చదివిన ఏ విమర్శకన్నా ఆ ఒక్క ప్రశ్న నాకు ఎక్కువ నేర్పింది.

ఇంకొకటి. ఇదంతా ఇస్లాం వల్లే అని తేల్చేసి పుస్తకం మూసేయకండి. హొస్నా చావు వెనుక ఆస్తి, పరువు, మగవాళ్ళ స్నేహాలు అన్నీ ఉన్నాయి.

మొదట ఫిర్దౌస్ కథ చదవండి, చిన్న పుస్తకం, ఒక్క రోజులో అయిపోతుంది. తర్వాత తయ్యిబ్ సాలిహ్. జోఖా నవల ఆఖర్న పెట్టుకోండి. కాలం ముందుకీ వెనక్కీ పోతుంటుంది కాబట్టి, ఎవరు ఎవరికి ఏమవుతారో ఒక కాగితం మీద రాసుకుంటూ చదివితే సులువు.