చైనా గ్రాస్ తింటే బీపీ తగ్గుతుందా?

ప్రశ్న: ఎర్ర నాచులో బీపీ తగ్గించే పెప్టైడ్లు ఉన్నాయని కంప్యూటర్‌తో కనిపెట్టారట. చైనా గ్రాస్ కూడా ఎర్ర నాచేనటగా, రోజూ జెల్లీ చేసుకుని తినొచ్చా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: చైనా గ్రాస్ ఎర్ర నాచు నుంచే వస్తుందమ్మా. కానీ అది అగర్, ఒక రకం పీచు. నాచును ఉడికించి వడకట్టేసరికి ప్రోటీన్ దాదాపు పోతుంది. మీరడిగే పెప్టైడ్లు ఆ ప్రోటీన్ ముక్కలే.

ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాల దండ. ట్రిప్సిన్ అనే ఎంజైమ్ దాన్ని లైసిన్, ఆర్జినిన్ పూసల తర్వాతే తెంపుతుంది. అందుకని కంప్యూటర్ తెర మీదే తెంపి చూసి, వచ్చిన ముక్కలను ఏ పెప్టైడ్ ఏం పని చేస్తుందో రాసి ఉంచిన పోలండ్ వాళ్ల బయోపెప్ జాబితాతో పోలుస్తారు. వాలిన్, టైరోసిన్ అనే రెండు పూసల జంట దొరికితే పండగే. బీపీ పెంచే ఏసీఈ ఎంజైమ్‌ను అది అడ్డుకుంటుంది. మా ల్యాబ్ పిల్లలు ఇలాంటి జాబితాలు తెచ్చి తెగ సంబరపడేవాళ్లు. "కడుపులో అరిగాక ఎన్ని మిగులుతాయిరా?" అంటే మొహాలు చిన్నబోయేవి.

ఐర్లాండ్‌లో తినే డల్స్ అనే ఎర్ర నాచు ప్రోటీన్‌లోని 13 పూసల పెప్టైడ్ బీపీ తగ్గించింది, అదీ ఎలుకల్లో. జెల్లీ ఇష్టమైతే తినండి, చక్కెర మాత్రం చూసి వేసుకోండి. బీపీ మాత్ర మానకండి.